పుస్తకం వెనక సలోమి రాసింది

ఇరవై రెండేళ్ళుగా లైబ్రేరియన్‌గా చేస్తున్నాను. దయ్యాల నవలలు నా చేతుల మీదుగా ఎన్ని పోయాయో, ఎన్ని తిరిగొచ్చాయో చెప్పలేను. వాటిలో ఒక్క దయ్యాన్నీ నేను నమ్మలేదు. మాది ఉదయగిరి. కొండ మీద కోటలో ఏవేవో వినపడతాయని మా వీధిలో సగం మంది చెప్పేవాళ్ళు. మా నాయనతో కలిసి ఆ కొండ చాలాసార్లు ఎక్కాను. గాలి తప్ప నాకేమీ వినపడలేదు. ఎవరైనా దయ్యాన్ని చూశామని చెబితే, జ్వరం ఎన్నాళ్ళనుంచి ఉందని అడిగే రకం నేను.

ఇప్పుడు చెప్పబోయేది ఆత్మకూరులో, నేను పనిచేసే లైబ్రరీలో, పగలు పదకొండు గంటలప్పుడు నా టేబుల్ దగ్గర జరిగింది. అక్కడ నాతోపాటు ఇంకో ఇద్దరు ఉన్నారు.

ముందు ఆ పుస్తకం సంగతి చెప్పాలి.

దాని అట్ట, మొదటి నాలుగు పేజీలు నేను ఆత్మకూరుకి బదిలీ అయి రాకముందే ఊడిపోయాయి. రాసిందెవరో, అసలు పేరేమిటో నాకు తెలియదు. అందరూ దాన్ని 'కాలేజీ దయ్యం పుస్తకం' అనే అడుగుతారు. కొండ పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీ. చనిపోయిన విద్యార్థి పేరు హాజరు పట్టీలోంచి కొట్టేయడం మర్చిపోతారు. రోజూ ఆ పేరు పిలవగానే వెనక బెంచీ నుంచి ఎవరో "ప్రెజెంట్ సార్" అంటుంటారు. అంతే కథ. గొప్ప నవలేమీ కాదు. కానీ అది బీరువాలో వారం రోజులు నిలిచింది లేదు.

బైండింగుకి ఇచ్చినప్పుడు బైండరు చివర్లో రెండు తెల్ల కాగితాలు అదనంగా కుట్టాడు. ఎవరో వాటి మీద 'సూపర్' అని రాశారు. తర్వాత ఇంకొకరు. లైబ్రరీ పుస్తకం మీద రాయకూడదు కాబట్టి చెరిపేద్దామని రబ్బరు తీసుకుని కూర్చున్నాను. చదువుతూ చదువుతూ చెరపడం మానేశాను.

"రెండు రోజులు బాత్రూముకి మా చెల్లెల్ని తోడు తీసకపోయినాను" అని ఒకరు. "హీరోయిన్‌కి బుర్ర లేదు. అవతల ఎవరో తెలియకుండా తలుపు తీస్తుందా?" అని ఒకరు. "ఇది నిజంగా జరిగిందే, మా బావ ఆ కాలేజీలోనే చదివినాడు" అని ఒకరు రాస్తే, కింద వేరే సిరాతో "ఏ కాలేజీ? పేరు రాయి" అని, దాని కింద మళ్ళీ "చెప్పకూడదు" అని. చేజర్ల నుంచి వచ్చే ఒకాయన, "దయ్యం చివర్లో ఏడవడం బాగలేదు. దయ్యానికి ఏడుపేంది?" అని రాశాడు. రోజూ పేపరు చదవడానికి వచ్చే రిటైర్డ్ హెడ్మాస్టరు సుబ్బరామయ్య గారు ఎర్ర సిరాతో, "అచ్చుతప్పులు అరవై మూడు. దయ్యం కంటే ఇవే నన్ను ఎక్కువ భయపెట్టినవి" అని రాసి సంతకం చేశారు.

రెండు కాగితాలంటే నాలుగు పేజీలు. సలోమి ఆ పుస్తకం తీసుకునే నాటికి మూడు పేజీలు నిండాయి. నాలుగో పేజీలో కింద అరచెయ్యంత చోటు మిగిలింది. ఇది నాకు బాగా గుర్తు. ఇంకో కాగితం అతికిద్దామా అని అప్పుడే అనుకున్నాను, బద్ధకించాను.

సలోమిది మర్రిపాడు వైపు ఒక పల్లె. ఇంటర్ ఆత్మకూరులో హాస్టల్లో ఉండి చదివింది. సన్నగా, పొడుగ్గా ఉండేది. లోపలికి రాగానే "మేడం, బాగా భయమేసేటిది ఏదన్నా ఉండాదా?" అని అడిగేది. డిగ్రీకి పక్క జిల్లాలో ఒక ప్రైవేటు కాలేజీలో చేరింది. దసరా సెలవుల్లో వచ్చి, ఎప్పటినుంచో అందకుండా ఉన్న ఆ కాలేజీ దయ్యం పుస్తకం తీసుకుపోయింది. హాస్టల్లో అందరికీ చదివి వినిపిస్తానని చెప్పింది. గడువు దాటకుండా పంపించమన్నాను. పంపలేదు.

తుఫాను వానలప్పుడు ఆ అమ్మాయి చనిపోయిందని తెలిసింది. పేపర్లో నాలుగు లైన్లు వేశారు. పరీక్ష తప్పినందుకు, కాలేజీ గోడ అవతల చేలో ఉన్న బావిలో దూకిందని.

డిసెంబరులో ఒకరోజు వాళ్ళ నాయన వచ్చాడు. పేరు ఏసోబు. మేకలు మేపుకుంటాడు. గుడ్డ సంచిలోంచి పుస్తకం తీసి, తడవకుండా చుట్టిన ప్లాస్టిక్ కాగితం విప్పి, నా టేబుల్ మీద పెట్టాడు.

"పాప పెట్టెలో ఉండాదమ్మా. మీ ఆఫీసు ముద్ర చూసి మా ఊరి టీచరు చెప్పింది. ఇచ్చేసి పోదామని వచ్చినా."

ఏమనాలో తెలియక కూర్చోమన్నాను. కూర్చోలేదు. పుస్తకాన్ని చివరి నుంచి తెరిచి, ఒకచోట వేలు పెట్టాడు.

"నాకు అచ్చరం రాదు. ఇది మటుకు తెలుసు. స్కాలర్షిప్పు కాగితాల మీద చేసేది. మా పాప సంతకం. ఏందో రాసి ఉండాది కదా, ఏం రాసిందో సదివి చెప్పు తల్లీ."

మా లైబ్రరీకి అర్జీలు, నోటీసులు పట్టుకుని చదివించుకోవడానికి వచ్చేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. అవి చదివే గొంతుతోనే ఇదీ చదివాను. నీలం బాల్‌పెన్ను. గుండ్రటి అక్షరాలు, కొద్దిగా కుడివైపు వాలి ఉన్నాయి. నాకు గుర్తున్నంతవరకు అందులో ఉన్నది ఇది:

"ఈ పుస్తకం రాసినవాళ్ళు ఎప్పుడూ హాస్టల్లో ఉన్నట్టు లేదు. హాస్టల్లోకి దయ్యం ఎందుకు వస్తుంది? దానికీ నీళ్ళు దొరకవు. మా మూడో అంతస్తుకి నీళ్ళు ఎక్కడం మానేసి నెల దాటింది. సాయంత్రం బకెట్లు తీసుకుని వంటింటి వెనక సంపు దగ్గరికి పోతాము. సంపు మూత పగిలిపోతే పైన రేకు పరిచినారు. రేకు మీద వాన నీళ్ళు నిలబడితే కింద గుంట ఉన్నట్టే తెలియదు. అక్కడ లైటు లేదు. పుస్తకంలో దయ్యం వచ్చే ముందు కుక్కలు అరుస్తాయి. ఇక్కడ ఏదీ అరవదు. మేము పద్దెనిమిది మందిమి కాగితం రాసి వార్డెన్ మేడంకి ఇచ్చినాము. సంతకం పెట్టి తీసుకుంది. నకలు నా బైబిలు సంచిలో, అట్టకీ గుడ్డకీ మధ్య దాచినాను. ఈసారి రాస్తే రచయిత గారు దయ్యం లేకుండా రాయాలి. మూత లేని సంపు చాలు."

కింద సంతకం.

మధ్యలో ఒకసారి పేజీ తిప్పాను.

చదవడం అయిపోయాక ఏసోబు ఆ ప్లాస్టిక్ కాగితాన్ని మడత పెట్టాడు. తర్వాత, "ఆ రేకు మాట మళ్ళీ సదువమ్మా" అన్నాడు. వెనక్కి తిప్పి ఆ వాక్యం వెతుక్కుని మళ్ళీ చదివాను. అంటే ఆ వాక్యాన్ని నేను రెండుసార్లు చూశాను.

అతను వంగి తన పిక్క మీద చేత్తో గీసి చూపించాడు.

"పాప కాలికి ఈడినుంచి ఈడిదాకా కోసకపోయి ఉండాది. గుడ్డలు కట్టేటప్పుడు నేనే చూసినా. ఆ కోతలో తుప్పు. ఏందని అడిగితే బావిలో రాయి కోసిందన్నారు. రాయికి తుప్పు యాడ్నించి వస్తాదమ్మా?"



సమాధుల దొడ్డికి పాస్టరు గారు కూడా రాలేదని అప్పుడు చెప్పాడు. తనంతట తాను ప్రాణం తీసుకున్న పిల్ల అని, గోడ పక్కన చివర్లో చోటిచ్చారట. ప్రార్థన లేకుండానే మన్ను వేశారట. వాళ్ళమ్మ అప్పటినుంచి చర్చి మెట్టు ఎక్కలేదు.

పేపరు చదువుతున్న సుబ్బరామయ్య గారు లేచి వచ్చారు. అంతా విన్నారాయన. "ఏసోబూ, ముందు ఇంటికి పోయి ఆ బైబిలు సంచి చూడు. ఎవరికీ ఇవ్వబాక. అమ్మా, ఈ పుస్తకం నువ్వు జాగర్త చెయ్యి" అన్నారు. నేను దాన్ని నా బీరువాలో, రిజిస్టర్ల కింద పెట్టి తాళం వేశాను. తాళంచెవి నా పర్సులోనే ఉంటుంది. వేరే చెవి లేదు. ఫోన్ పక్కనే ఉన్నా ఫొటో తీయాలని నాకు తోచలేదు. ఆయనకీ తోచలేదు.

రెండో రోజు పొద్దున్నే ఫోన్ వచ్చింది. "దొరికిందమ్మా" అన్నాడు ఏసోబు.

ఆ కాగితాన్ని తర్వాత నేనూ చూశాను. జిప్పు ఉన్న నల్లటి బైబిలు సంచి, అట్టకి అంటించిన గుడ్డ ఒక పక్క ఊడదీసి ఉంది. ఆ సందులో నాలుగు మడతలు పెట్టిన కాగితం. పద్దెనిమిది సంతకాలు. కింద అందినట్టు వార్డెన్ సంతకం. సలోమి చనిపోవడానికి పదిరోజుల ముందు తేదీ.

వాళ్ళ ఊరి మాజీ సర్పంచి ఏసోబును వెంటబెట్టుకుని ఆ జిల్లా పోలీసుల దగ్గరికి పోయాడు. కాగితంలో సంతకాలు చేసిన అమ్మాయిలను పిలిచి అడిగారు. మొదట ఎవరూ నోరు విప్పలేదు. తర్వాత ఇద్దరు చెప్పారు. ఆ సాయంత్రం సలోమి బకెట్ తీసుకుని కిందికి పోయింది. ఎంతకీ రాకపోతే వెతికారు. సంపు పక్కన బకెట్ ఉంది. రేకు పక్కకు జారి ఉంది. వార్డెన్, వాచ్‌మన్ వచ్చి వీళ్ళను గదుల్లోకి పంపి బయట గడియ పెట్టారు. తెల్లారి బావి దగ్గర దొరికిందన్నారు. నోరెత్తితే హాల్‌టికెట్ రాదన్నారు.

ఇక్కడిదాకా ఇందులో వింతేమీ లేదు. నేనూ అలాగే అనుకున్నాను. భయపడిన పిల్ల ఒకటి రాసిపెట్టింది, అది సమయానికి దొరికింది, అంతే.

ఆ కాగితం ఎలా దొరికిందని పోలీసులు అడిగితే ఏసోబు ఉన్నదున్నట్టు చెప్పాడు. ఆత్మకూరు లైబ్రరీలో పుస్తకం వెనక మా పాప రాసింది, అమ్మ చదివింది అని. దాంతో సంక్రాంతి సెలవులు అయిపోయిన వారం ఒక ఇన్‌స్పెక్టరు ఆ పుస్తకం కోసం వచ్చాడు. మర్యాదగలవాడు. టీ తాగి, రసీదు రాసిచ్చి తీసుకుపోతానన్నాడు.

తాళం తీశాను. రిజిస్టర్ల కింద పెట్టింది పెట్టినట్టే ఉంది. ఈ మధ్యలో నేను ఒక్కసారి కూడా తెరవలేదు. మళ్ళీ చదవడానికి మనసు రాలేదు. చివరి పేజీ తీసి ఆయన ముందు పెట్టాను.

ఆయన చదువుకుని, "ఏది మేడం?" అన్నాడు.

నేను వంగి చూశాను. నాలుగో పేజీలో, చేజర్ల ఆయన అభిప్రాయం కింద, ఆ అరచెయ్యంత చోటులో, నీలం బాల్‌పెన్నుతో ఇంత ఉంది:

"బాగుంది. భయమేసింది. ముగింపు నచ్చలేదు. — సలోమి"

దాని తర్వాత అట్ట.

వెనక్కి తిప్పాను. ముందుకి తిప్పాను. పుస్తకం పట్టుకుని దులిపాను. ఆయన నీళ్ళ గ్లాసు నా వైపు జరపడం గుర్తుంది. కాగితం చించిన గుర్తు లేదు. చెరిపిన మరక లేదు. లైటుకు పెట్టి చూశాం, రాసి తీసేసిన గీత కూడా లేదు. బైండరును పిలిపించాం. ఆయన దారం చూసి, తను కుట్టిన రెండు కాగితాలూ ఉన్నాయనీ, మూడోది ఎప్పుడూ లేదనీ చెప్పాడు.

ఫోన్ చేస్తే సుబ్బరామయ్య గారు వచ్చారు. పేజీ చూసి, కళ్ళద్దాలు తీసి, తుడుచుకుని మళ్ళీ చూశారు. తర్వాత ఇన్‌స్పెక్టరుకు నేను చదివిందంతా చెప్పారు. దయ్యానికీ నీళ్ళు దొరకవు అన్న మాటతో సహా. నేను మర్చిపోయిన ఒక మాట కూడా చెప్పారు. రేకు ఒక మూల పైకి లేచి ఉంటుందని అందులో ఉందట. ఆయన చెప్పగానే అది నాకూ గుర్తొచ్చింది.

"చదవతా చదవతా పేజీ తిప్పింది సార్. నేను చూసినా" అన్నారు.

"ఏ పేజీ తిప్పింది మాస్టారూ? ఆఖరు పేజీ ఇదే కదా" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

సుబ్బరామయ్య గారు ఆ పేజీ తిప్పితే అట్టే వచ్చింది.

ఇన్‌స్పెక్టరు నన్ను పక్కకు పిలిచి నెమ్మదిగా అడిగాడు. "హాస్టల్ పిల్లల్లో ఎవరో మీకు చెప్పినారు. పేరు బయటికి రాకూడదని మీరు ఇట్ల చదివినట్టు చేసినారు. మంచి పనే చేసినారు మేడం. పేరు మటుకు నాకు చెప్పండి."

నాకెవరూ చెప్పలేదన్నాను. ఆయన నమ్మలేదు. ఆయన స్థానంలో ఉంటే నేనూ నమ్మను.

ఆ రెండు నెలలు నాకు నరకం. పై ఆఫీసు నుంచి సంజాయిషీ అడిగారు. తోటివాళ్ళు నా ముఖం చూసి మాటలు ఆపేసేవాళ్ళు. మా ఆయన, "ఎవరో ఒక అమ్మాయి చెప్పిందని అనేసెయ్, పోతాది కదా" అని రోజూ పోరేవాడు. అసలు భయం వేరే. లేనిది చదివానని నేను అంటే, కాలేజీ తరఫు వకీలు దాన్నే పట్టుకుంటాడు. కాగితం కూడా మేమే పుట్టించామంటాడు. నా మాట వల్ల ఆ పిల్ల మళ్ళీ బావిలో దూకిన పిల్ల అవుతుంది.

చివరికి పోలీసులే ఒక దారి చూశారు. ఏసోబు వాంగ్మూలం మార్చి రాసుకున్నారు. కూతురి పెట్టె సర్దుతుంటే బైబిలు సంచిలో కాగితం దొరికిందని. రికార్డులో ఇప్పుడు ఉన్నది అదే. పుస్తకం మాట, నా మాట ఎక్కడా లేవు. కేసుకి అదే మంచిది. సలోమి ఆత్మహత్య చేసుకోలేదని, సంపులో పడి చనిపోయిందని తేలింది. వార్డెన్ మీద, వాచ్‌మన్ మీద కేసు నడుస్తోంది. సంపులోంచి తీసి బావిలో వేసే పని వాళ్ళ చేత చేయించింది ఎవరో ఇంకా తేలలేదు. కాలేజీ నడుస్తూనే ఉంది. సంపు మీద ఇప్పుడు సిమెంటు పలక వేశారట.

జరిగింది ఎక్కడో ఒకచోట ఉండాలని ఇది రాస్తున్నాను.

నాకు తోచిన కారణాలన్నీ వెతికాను. ఆ పద్దెనిమిది మందిలో ఆత్మకూరు వైపు వాళ్ళు ఒక్కరూ లేరు. వాళ్ళలో ఎవరినీ నేను అంతకుముందు చూడలేదు. సలోమి పక్క మంచం అమ్మాయిని తర్వాత కలిసినప్పుడు, నకలు ఎక్కడ దాచిందో తెలుసా అని అడిగాను. "నకలు తీసిందనే మాకు తెలీదు మేడం" అంది. అలాంటి అట్టతో వేరే పుస్తకం ఉందేమోనని లైబ్రరీలో ప్రతి బీరువా దించి చూశాను. కళ్ళ డాక్టరు దగ్గరికి పోయాను. నెల్లూరులో ఇంకో డాక్టరు దగ్గరికి కూడా పోయాను, ఆయన ఏ డాక్టరో వేరే చెప్పనక్కర్లేదు. ఏ లోపమూ లేదన్నారు.

వేసవిలో వాళ్ళ ఊళ్ళో జ్ఞాపకార్థ కూడిక పెడితే నేనూ పోయాను. పాస్టరు గారు ముందే సమాధుల దొడ్డికి పోయి, ఆ గోడ పక్కన ఎండలో నిలబడి, అప్పుడు చేయని ప్రార్థన చేశారు. మధ్యలో ఆగిపోయి, సలోమి వాళ్ళమ్మ వైపు తిరిగి, తప్పయిపోయిందన్నారు. ఆమె ఆయన్ను చూడలేదు. మన్ను మీద మొలిచిన గడ్డి పీకుతూ కూర్చుంది.

ఏసోబును వేరేగా పిలిచి, నాలుగు నెలలుగా దాచుకున్నది చెప్పేశాను. పుస్తకంలో ఆ మాటలేవీ లేవని, మూడు ముక్కలే ఉన్నాయని. పోలీసులు చెప్పారో లేదో, చెప్పినా అతనికి అర్థమైందో లేదో నాకు తెలియదు. నన్ను అబద్ధాలకోరు అనుకుంటాడేమోనని భయపడ్డాను.

అతను ఆశ్చర్యపోలేదు.

"రాసిందో లేదో నాకేం తెలస్తాదమ్మా? నాకు సదువు రాదు. నేను విన్నా, అంతే" అన్నాడు. తర్వాత, "ఆ మూడు ముక్కలు ఏంది?" అని అడిగాడు.

చెప్పాను. బాగుంది. భయమేసింది. ముగింపు నచ్చలేదు.

అతను తల ఊపి, వచ్చినవాళ్ళకు అన్నం పెట్టించడానికి లోపలికి పోయాడు.

అర్జీలు పట్టుకుని ఇప్పటికీ జనం నా దగ్గరికి వస్తుంటారు. చదివి చెప్పమ్మా అంటారు. నేను చదువుతాను. కానీ గొంతు విప్పే ముందు కాగితాన్ని పక్కన ఎవరుంటే వాళ్ళకు చూపించి, ఇక్కడ ఏముందో మీరొకసారి చదవండి అని అడుగుతాను. కళ్ళు సరిగా ఆనడం లేదని చెబుతాను. వాళ్ళు చదివింది, నాకు కనపడుతున్నది ఒకటే అయ్యాక మొదలుపెడతాను. ఇప్పటిదాకా తేడా రాలేదు. వస్తే ఏం చేయాలో నాకు తెలియదు.